మామ్మ చెప్పిన కథలు, చిన్నాన్న చదివిన కథలు

మా ఇంట్లో కథలు రెండు రకాలుగా ఉండేవి. కొన్ని మామ్మ చెప్పేవి, కొన్ని చిన్నాన్న చదివేవి. మామ్మ కథ ఏ రాత్రీ ముందటి రాత్రి చెప్పినట్టు ఉండేది కాదు. ఆవిడకు ఒంట్లో బాగున్న రోజున ఏడుగురు రాజకొడుకులూ పేరుపేరునా గుర్రాలెక్కి వేటకు వెళ్ళి, ఒక్కొక్క చేపనూ తెచ్చి ఎండబెట్టేవారు. నడుము నొప్పిగా ఉన్న రోజున ఆ ఏడుగురూ ముగ్గురైపోయి, వెళ్ళిన కాళ్ళతోనే తిరిగొచ్చేవారు. చిన్నాన్న చదివే కథలకు ఆ వెసులుబాటు లేదు. పుస్తకంలో ఇరవై పరుపులని ఉంటే ఇరవై పరుపులే. నిద్ర ముంచుకొచ్చి ఆయన ఒక వాక్యం దాటవేస్తే, చాప మీద పడుకున్న నలుగురు పిల్లల్లో ఎవరో ఒకరు లేచి కూర్చుని, "చిన్నాన్నా, రాణి బఠాణీ గింజ పెట్టడం చదవలేదు" అని పట్టుకునేవారు.

మా ఇల్లు విశాఖపట్నం వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్టుకు కాస్త ఎగువన ఉండేది. డాబా ఎక్కితే ఒక పక్క, ఇప్పుడందరూ డాల్ఫిన్స్ నోస్ అంటున్న యారాడ కొండ, దాని మీది లైట్‌హౌసు, ఇంకో పక్క లంగరు వేసి వంతు కోసం ఎదురుచూసే ఓడల దీపాలు కనిపించేవి. నాన్న, చిన్నాన్న ఇద్దరూ పోర్టులో గుమాస్తాలు. చిన్నాన్నకు మాత్రం జీతంలో కొంత పాత పుస్తకాలకు పోయేది. అలా పూర్ణా మార్కెట్టు వైపు ఒక దుకాణంలో ఆయన కొనుక్కొచ్చిన పుస్తకాల్లో అట్ట ఊడిపోయి, ముందు పుటలు చిరిగిపోయి, నేరుగా కథతోనే మొదలయ్యే పుస్తకం ఒకటి ఉండేది. రాసినవారెవరో, ఏ దేశం వారో, తెలుగులోకి తెచ్చినవారెవరో మాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. కథలన్నవి ఎవరో ఒకరు కూర్చుని రాస్తారని ఆ వయసులో మాకెవ్వరికీ తట్టలేదు.

ఆ పుస్తకంలో మా అందరికీ నచ్చిన కథ ఒంటికాలి తగరపు సిపాయిది. పాత తగరపు గరిటె ఒకటి కరిగించి ఇరవై ఐదుగురు సిపాయిలను పోత పోస్తే, చివరివాడి దగ్గరికి వచ్చేసరికి తగరం చాలక వాడికి ఒక కాలే మిగిలింది. ఎదురుగా కాగితపు కోట గుమ్మంలో నిలబడ్డ నాట్యకత్తె ఒక కాలు బాగా పైకెత్తి ఉండటంతో, ఆమెకు కూడా ఒక్క కాలే ఉందనుకుని వాడు ప్రేమించాడు. తర్వాత కిటికీలోంచి వీధిలో పడ్డాడు. వాన వచ్చింది. ఇద్దరు ఆకతాయి పిల్లలు వార్తాపత్రికతో పడవ చేసి, అందులో వాణ్ణి నిలబెట్టి మురుగు కాలువలో వదిలారు. కాలువలోని ఎలుక పాస్‌పోర్టు చూపించమంది. ఇక్కడికి రాగానే నాన్న కూడా చదువుతున్న పేపరు కిందికి దించేవారు, ఓడలూ కాగితాలూ ఆయన రోజువారీ పనే కాబట్టి.

వన్‌టౌన్ వీధులు సముద్రం వైపుకు వాలుగా ఉంటాయి. పెద్ద వాన పడితే మా వీధి కాలువ ఎర్రనీళ్ళతో పరుగెత్తేది. మా దగ్గర తగరపు సిపాయి లేడు గనక చింతపిక్కను ఒక పక్క అరగదీసి నిలబడేటట్టు చేసి, నోటుపుస్తకం కాగితంతో చేసిన పడవలో పెట్టి వదిలేవాళ్ళం. పడవ మలుపు తిరిగి కల్వర్టు కింద మాయమయ్యేదాకా వెంబడి పరుగెత్తి, ఇంటికొచ్చి తిట్లు తినేవాళ్ళం. ఇంతటితో అయిపోలేదు. కథలో పడవ మునిగాక సిపాయిని చేప మింగుతుంది. ఆ చేప బజారుకు వచ్చి, సిపాయి బయలుదేరిన ఇంటి వంటగదికే చేరుతుంది. కాబట్టి వాన వెలిశాక వచ్చిన తొలి ఆదివారం, జాలారిపేట నుంచి గంపతో వచ్చే చేపలావిడ దగ్గర అమ్మ వంజరం తీసుకుందంటే, పిల్లలందరం పెరటి అరుగు మీదకు చేరేవాళ్ళం. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని, చేపకు బూడిద రాసి, పొలుసు తీసి, పొట్ట చీల్చేవరకూ ఎవరూ నోరు మెదిపేవారు కాదు. పేగులు బయటపడగానే మా తమ్ముడు పుల్లతో కెలికి చూసేవాడు. చింతపిక్క దొరకలేదని ఎప్పుడూ పెద్దగా నిరాశపడలేదు. వేరే చేప మింగి ఉంటుందనీ, అది వేరే ఇంటికి పోయి ఉంటుందనీ సరిపెట్టుకునేవాళ్ళం.

ఈ తంతు చూసి మామ్మ నవ్వేది. చేప పొట్టలోంచి పోయిన వస్తువు దొరకడం ఆవిడకు వింతేమీ కాదు. దుష్యంతుడు పెట్టిన ఉంగరాన్ని శకుంతల నీళ్ళలో జారవిడుచుకోవడం, అది జాలరికి చేప కడుపులో దొరకడం, రాజుకు జ్ఞాపకం తిరిగి రావడం ఆవిడ హరికథల్లో ఎన్నిసార్లు విన్నదో. కాళిదాసు శకుంతలకు ఉంగరం తిరిగొచ్చాక భర్త దొరికాడు, కొడుకుకు తండ్రి దొరికాడు. సిపాయికి ఇల్లు దొరికింది, నాట్యకత్తె కనిపించింది, మరుక్షణం ఒక పిల్లవాడు ఏ కారణమూ లేకుండా వాణ్ణి పొయ్యిలోకి విసిరేశాడు. "ఊరికే ఎందుకు పడేశాడురా?" అని మామ్మ చిన్నాన్నను నిలదీసేది. కారణం పుస్తకంలో లేదు. ఆవిడ చెప్పే కథల్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా వెనక ఒక శాపమో, పూర్వజన్మ పాపమో, సవతి తల్లో ఉండేది. ఈ కథలో ఏదీ లేకపోవడం ఆవిడకు మింగుడుపడలేదు. మళ్ళీ చదువుతున్నప్పుడు మాత్రం తప్పకుండా వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేది.

రాసినాయన పేరు నాకు తెలిసింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మే చదివేటప్పుడు. వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో వేరే పుస్తకం కోసం వెతుకుతూ హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కథల ఇంగ్లీషు సంపుటం ఒకటి తిరగేస్తే, మా సిపాయి అక్కడ నిలబడి ఉన్నాడు. ఆండర్సన్ 1805 ఏప్రిల్ 2న డెన్మార్కులోని ఓడెన్స పట్టణంలో పుట్టాడని, తండ్రి చెప్పులు కుట్టేవాడని, తల్లి ఇతరుల బట్టలు ఉతికి సంపాదించేదని, తండ్రి పోయాక పద్నాలుగేళ్ళ వయసులో ఒక్కడే రాజధాని కోపెన్‌హాగన్‌కు వెళ్ళిపోయాడని అప్పుడు చదివాను. ఆయన తొలి కథల చిన్న పుస్తకం 1835లో వెలువడితే, మాట్లాడినట్టే రాశాడని, పుస్తక భాషకు ఉండవలసిన మర్యాద లేదని విమర్శకులు పెదవి విరిచారట. గిడుగు రామమూర్తి పంతులుగారూ గురజాడ అప్పారావుగారూ ఎవరితో ఎందుకు తగువు పడ్డారో వింటూ పెరిగిన ఉత్తరాంధ్ర వాళ్ళకు ఆ విమర్శ కొత్తగా వినిపించదు. చిన్నాన్న గొంతులో ఆ కథలు చదువుతున్నట్టు కాక, చెబుతున్నట్టు ఎందుకు ఉండేవో నాకు ఆ గ్రంథాలయంలో కూర్చున్నప్పుడు అర్థమైంది. మామ్మ కథలకు ఉన్న నోటి వాటం వాటికీ ఉంది. కానీ ఆ వాటం ఒకే మనిషి తూచి రాసినది, కాబట్టి ఎవరి నడుము నొప్పికీ అది మారదు.

మంచు రాణి కథ మా ఊళ్ళో అర్థం కావడానికి ఇంకో దారి ఉండేది. విశాఖలో పుట్టి పెరిగిన పిల్లలకు మంచు అంటే ధనుర్మాసంలో కొండ మీద కాసేపు కనిపించే పొగమంచే. ఊళ్ళకు ఊళ్ళు తెల్లగా కప్పేసే మంచు, కిటికీ అద్దం మీద పువ్వులు వేసే మంచు ఎలా ఉంటాయో చిన్నాన్నకూ తెలియదు. ఆయన ఒక సాయంత్రం మమ్మల్ని చేపల రేవుకు తీసుకెళ్ళి, పడవల్లోకి ఎక్కించడానికి తెచ్చిన ఐసు దిమ్మలను చూపించాడు. రంపపు పొట్టు అంటుకున్న గోనెలు తీసి, ఇద్దరు మనుషులు ఇనుప గునపాలతో దిమ్మను పొడిచి ముక్కలు చేస్తుంటే, ముక్కలు సిమెంటు నేల మీద జారి మా కాళ్ళ దాకా వచ్చేవి. తెల్లటి పొడి ఎగిరి చేతుల మీద పడి చురుక్కుమనేది. "ఇలాంటిది ఆకాశం నుంచి పడుతుంది, అంతే" అన్నాడు. ఆ రోజు నుంచి మంచు రాణి కథలో మాకు సన్నగా చేపల వాసన కూడా వచ్చేది. కయ్ అనే పిల్లవాడి కంట్లోనూ గుండెలోనూ భూతాల అద్దం ముక్కలు గుచ్చుకుని, మంచివన్నీ వికారంగా కనిపించడం మొదలైందని చదివినప్పుడు, ఐసు ముక్క చేతిలో పట్టుకున్న తిమ్మిరి గుర్తొచ్చేది.

అగ్గిపుల్లలమ్మే పిల్ల కథ చదవడానికి అమ్మ ఒప్పుకునేది కాదు. సంవత్సరం చివరి రాత్రి చలిలో, కాళ్ళకు చెప్పులు లేకుండా, అగ్గిపెట్టెలు అమ్ముడుపోక ఇంటికి వెళ్ళడానికి భయపడి, గోడ మూల కూర్చుని ఒక్కొక్క పుల్లా గీసుకునే పిల్ల. పుల్ల వెలిగినంతసేపూ పొయ్యి, విందు బల్ల, పండగ చెట్టు, చివరకు చనిపోయిన నాయనమ్మ కనిపిస్తారు. తెల్లవారేసరికి పిల్ల ఉండదు. పడుకోబోయే పిల్లలకు ఈ చావు కథలేమిటని అమ్మ అభ్యంతరం. చిన్నాన్న ఒకసారి ఆమె లేనప్పుడు చదివాడు. మేము ఏడుస్తున్నామో లేదో అని దీపం పెద్దది చేసి చూశాడు. అప్పుడు మామ్మ గుమ్మం దగ్గర నుంచే, "వచ్చింది మామ్మే కదేటమ్మా, ఇంకెందుకు బయం?" అంది.

ఈ కథను పిల్లలకు చెప్పే పెద్దవాళ్ళందరూ మా అమ్మలాగే ముగింపు దగ్గర తడబడటం తర్వాత చాలాసార్లు చూశాను. కొందరు ఎవరో ధనవంతురాలు వచ్చి పిల్లను పెంచుకున్నట్టు మార్చేస్తారు. మార్చిన కథ ఆ రాత్రికి పనికొస్తుంది గాని, మర్నాడు పిల్లలు దాన్ని మళ్ళీ అడగరు. నేను గమనించినంతలో వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేది అగ్గిపుల్లలు అయిపోయే కథనే.

నాన్నకు ఈ పుస్తకంలో పనికొచ్చే కథ ఒకటే, రాజుగారి దేవతా వస్త్రాలది. తెలుగు పత్రికల సంపాదకీయాల్లో, కార్టూన్లలో ఈ వస్త్రాలు ఎంతగా పాతుకుపోయాయంటే, అది డెన్మార్కులో 1837లో అచ్చయిన కథ అని చెబితే నమ్మనివారిని నేను చూశాను. నిజానికి ఆండర్సన్ కూడా దాన్ని వేరే చోటు నుంచే తెచ్చుకున్నాడు. 14వ శతాబ్దపు స్పెయిన్‌లో డాన్ హువాన్ మాన్యుయేల్ రాసిన కథలో ఆ బట్ట తన తండ్రికి పుట్టనివాడికి కనిపించదు. ఆండర్సన్ దాన్ని, మూర్ఖుడికీ, తన ఉద్యోగానికి తగనివాడికీ కనిపించదని మార్చాడు. ఆ ఒక్క మార్పుతో కథ ఆఫీసులోకి వచ్చి కూర్చుంది. ముసలి మంత్రి ఖాళీ మగ్గం ముందు నిలబడి, "నేను ఈ పదవికి తగనా?" అని లోలోపల వణుకుతూ, పైకి మాత్రం అద్దకం బాగుందని మెచ్చుకునే చోట నాన్న మనస్ఫూర్తిగా నవ్వేవారు. పోర్టులో ఏ ఫైలు గుర్తొచ్చేదో చెప్పేవారు కాదు. చివరకు పిల్లవాడు ఉన్నమాట అన్నా రాజు ఆగడు. ఊరేగింపు పూర్తి కావలసిందేనని మరింత నిటారుగా నడుస్తాడు, సేవకులు లేని కుచ్చెళ్ళను ఇంకా గట్టిగా పట్టుకుంటారు. పిల్లవాడు నిజం చెప్పగానే కథ అయిపోయిందనుకునేవాళ్ళు ఈ చివరి రెండు వాక్యాలు మరిచిపోతారు. నాన్న మరిచిపోలేదు.

మాకు ఇలాంటి కథలు పడమటి దేశాల నుంచే వచ్చాయనుకుంటే పొరపాటు. 1947 జూలైలో మొదలైన చందమామ మా ఇంటికి ప్రతి నెలా వచ్చేది. దాని కోసం ముందు ఎవరు చదవాలన్న గొడవలు జరిగేవి. రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం లాంటి ధారావాహికల్లో మాంత్రికులూ భల్లూకాలూ విచిత్ర వాహనాలూ చూసి, ఇవి ఎప్పటివో పురాతన కథలనే మేము అనుకున్నాం. అవి దాసరి సుబ్రహ్మణ్యం అనే ఒకే ఒక్క మనిషి రాసినవని చాలామందికి పెద్దయ్యాక గాని తెలియలేదు. చందమామ ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య మన పక్కనే కశింకోటలో ఉండేవారని తెలిసిన రోజున చిన్నాన్న సగం గర్వంతో, సగం ఇన్నాళ్ళూ వెళ్ళి చూడలేదన్న చింతతో ఒక పూట అన్నం సరిగ్గా తినలేదు. ఇంకో వైపు మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల ద్వారా వచ్చే తెలుగు పుస్తకాలు. గట్టి అట్ట, నిండు రంగుల బొమ్మలు, ధర మాత్రం అతి తక్కువ. అక్కడ కూర్చుని ఉప్పల లక్ష్మణరావుగారు, రాళ్ళబండి వెంకటేశ్వరరావుగారు మన కోసం అనువదిస్తూ ఉండేవారు. సముద్రం ఒడ్డున మట్టి గుడిసెలో ముప్ఫై మూడేళ్ళు కాపురం చేసిన ముసలివాడికి వలలో బంగారు చేప పడటం, ముసలిదాని ఆశ పెరిగిన కొద్దీ సముద్రం నల్లబడటం పుష్కిన్ కథ. జాలారిపేట వైపు తుపాను ముందు సముద్రం రంగు మారడం చూసిన పిల్లలకు ఆ సముద్రం ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మా అమ్మాయి తరానికి వచ్చేసరికి కథలు ముందు తెర మీద కనిపించి, ఆ తర్వాత పుస్తకంలోకి వచ్చాయి. డిస్నీవారు 1989లో తీసిన సాగరకన్య సినిమాను అది క్యాసెట్టు అరిగేదాకా చూసింది. అందులో సాగరకన్యకు రాజకుమారుడితో పెళ్ళవుతుంది. ఆ తర్వాత నేను ఆండర్సన్ రాసిన 1837 నాటి కథ చదివి వినిపించాను. నాలుక కోయించుకుని, అడుగడుగునా కత్తుల మీద నడిచినంత బాధ భరిస్తూ భూమి మీదకు వచ్చిన పిల్లను రాజకుమారుడు ముద్దు చేస్తాడే గాని పెళ్ళాడడు. అక్కలు తమ జుట్టు కోయించి ఇచ్చి తెచ్చిన కత్తితో అతణ్ణి చంపితే తాను బతకవచ్చు, కానీ ఆమె కత్తిని సముద్రంలోకి విసిరేసి తానూ దూకి నురగలో కలిసిపోతుంది. అమ్మాయి చాలాసేపు నాతో మాట్లాడలేదు. ఆ సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ, పాదాల దగ్గరకొచ్చి విరిగిపోయే నురగను చూసి, "అమ్మా, దీన్ని తొక్కకు" అంది. సినిమాను అది వదిలేయలేదు, రెండూ ఉంచుకుంది. సంతోషంగా ఉన్నప్పుడు సినిమా చూసేది, నా మీద కోపమొచ్చినప్పుడు పుస్తకం తీసేది.

కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో, ఈ కథలకు అసలు రూపం అంటూ ఒకటుంటుందా అని విద్యార్థులు అడిగేవారు. ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో 1697లో అచ్చువేసిన ఎర్ర టోపీ పిల్ల కథలో తోడేలు పిల్లను మింగేయడంతోనే సరి. పొట్ట కోసి బయటికి తీసే వేటగాడు జర్మనీలో గ్రిమ్ సోదరుల పుస్తకం నుంచి వచ్చాడు. ఆ గ్రిమ్ సోదరులే 1812 నాటి తొలి ముద్రణలో హిమశ్వేత (స్నో వైట్) మీద అసూయపడిన కన్నతల్లిని తర్వాతి ముద్రణల్లో సవతి తల్లిని చేశారు. కన్నతల్లి అంత పని చేయడం వాళ్ళకే కష్టంగా తోచి ఉండాలి. ఈ సంగతులు చెబుతుంటే తరగతిలో అలజడి పుట్టేది. ఆస్కార్ వైల్డ్ 1888లో రాసిన సంతోష రాకుమారుడి కథ చివరికి మాత్రం అందరూ నిశ్శబ్దమయ్యేవారు. ఆ రాకుమారుడి విగ్రహాన్ని కొలిమిలో వేసినా కరగని సీసపు గుండె అది. ఆండర్సన్ సిపాయి పొయ్యిలో కరిగి, మర్నాడు బూడిదలో చిన్న తగరపు గుండెగా దొరుకుతాడు. వైల్డ్ ఆ గుండెను తీసుకుని కరగనివ్వకుండా చేశాడని నాకు గట్టి అనుమానం. పిల్లల కథలను పిల్లలకే వదిలేయలేని రచయితలు ఒకరి పొయ్యిలోంచి ఒకరు ఇలా ఏరుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు మనవల వంతు. అల్లుడు నేవీలో ఉద్యోగం చేస్తాడు కాబట్టి మనవరాలు నేవీ క్వార్టర్స్‌లో పెరుగుతోంది. కొడుకు కొడుకు వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి వస్తాడు. చిన్నాన్న పుస్తకం చెదలకు పోయింది. అందుచేత కొత్తగా కొన్న తెలుగు సంపుటంలోంచి చదువుతున్నాను. ఏకంగా ఏడు భాగాలున్న మంచు రాణి కథ రాత్రికి ఒక భాగం చొప్పున సాగుతోంది. ఐసు దిమ్మలు చూపించాల్సిన పని లేదు. ఫోనులో మంచు చూసేశారు. ఫోనులో దొరకనిది వేరే ఉంది, దాని గురించే మొన్న తగువు వచ్చింది.

సిపాయి కిటికీలోంచి పడిపోయాక పనిమనిషీ పిల్లవాడూ వీధిలోకి వచ్చి వెతుకుతారు, దాదాపు అతణ్ణి తొక్కబోతారు గాని చూడరు. "నేనిక్కడ ఉన్నాను" అని ఒక్క కేక వేసి ఉంటే దొరికేవాడు. కానీ యూనిఫారంలో ఉండి గట్టిగా అరవడం బాగుండదని ఊరుకున్నాడని రాశాడు ఆండర్సన్. చిన్నప్పుడు మా నలుగురిలో ఒక్కరికీ ఈ వాక్యం ఆగి ఆలోచించేంతగా కనిపించలేదు, మా ధ్యాసంతా చేప మీదే. మనవడు మాత్రం పుస్తకం మూయించేశాడు. "అంత తెలివితక్కువ సిపాయి ఉంటాడా నాన్నమ్మా? అరిస్తే ఏమవుతుంది? కాలువా లేదు, చేపా లేదు, పొయ్యీ లేదు" అన్నాడు. మనవరాలికి కోపం వచ్చింది. "డ్యూటీలో ఉన్నప్పుడు అరవకూడదు. డాడీ కూడా అరవరు. షిప్‌లో అందరూ అరిస్తే ఎలా?" అంది. "మీ డాడీ పడిపోలేదు కదా" అని వీడు. "పడిపోయినా అరవరు" అని అది. "అయితే ఎలా దొరుకుతారు?" అని వీడు మళ్ళీ.

తీర్పు చెప్పమని ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను చెప్పలేదు, చెబితే ఒకరు రేపటి నుంచి కథకు రారు. ఫోనులో అల్లుణ్ణి అడిగితే, రేడియో సెట్టు ఉండగా అరవాల్సిన అవసరమేముంటుంది అత్తయ్యగారూ అన్నాడు. మనవడు వెంటనే సిపాయికి రేడియో సెట్టు ఎందుకు ఇవ్వలేదో కనుక్కోమన్నాడు.